పిల్లల ఐస్ హాకీకి రక్షణ సామగ్రి: దేనికి ఖర్చు పెట్టాలి, దేనిలో ఆదా చేయవచ్చు

విశాఖపట్నంలో రోలర్ స్కేట్ల మీద హాకీ నేర్చుకున్న పిల్లలు మంచు మీద ఆడాలంటే ఊరు దాటక తప్పదు. డెహ్రాడూన్‌లోని హిమాద్రి రింకుకో, చలికాలంలో లేహ్‌కో శిబిరానికి వెళ్లాలి. కాదంటే తల్లిదండ్రుల ఉద్యోగాల వల్ల కుటుంబం టొరంటోకో మినియాపొలిస్‌కో తరలినప్పుడు అక్కడి క్లబ్బులో చేరాలి. ఏ దారిన వెళ్లినా కొనవలసిన సామాను చాలానే ఉంటుంది: హెల్మెట్, ముఖానికి కేజ్, నెక్ గార్డ్, మౌత్ గార్డ్, షోల్డర్ ప్యాడ్లు, ఎల్బో ప్యాడ్లు, గ్లోవ్స్, మెత్తలున్న ప్యాంటు, గజ్జల రక్షణకు కప్పు, షిన్ గార్డులు, స్కేట్లు. ఏటా సైజు మారిపోయే వయసులో వీటన్నిటినీ మేలు రకంలో, కొత్తవిగా కొనిపెట్టగలిగిన ఇళ్లు తక్కువ. అందువల్ల దేనికి గట్టిగా ఖర్చు పెట్టాలి, దేన్ని పాతది తీసుకున్నా పరవాలేదు, దేన్ని అద్దెకు వదిలేయవచ్చు అన్నది ముందే తేల్చుకోవడం మంచిది.

ఈ ఎంపికలో నేను ముందుగా చూసేది ఒక్కటే: ఆ వస్తువు కాపాడే చోట దెబ్బ తగిలితే అది పూర్తిగా మానుతుందా, మానదా? మోచేయి కమిలితే వారంలో తగ్గుతుంది. కాలర్ బోన్ విరిగినా పిల్లల్లో కొన్ని వారాలకు అతుక్కుంటుంది. కన్ను, మెదడు, మెడలోని పెద్ద రక్తనాళం, వెన్నుపాము, శాశ్వత దంతాలు అలాంటివి కావు. ఖర్చు ఈ రెండో వరుసకు ముందు వెళ్లాలి. మిగిలినది చేతిలో ఉన్నదాన్ని బట్టి చూసుకోవచ్చు.

రోలర్ రింకుకూ మంచుకూ తేడా

మన పార్కుల్లోని సిమెంటు రింకు మీద పడిన పిల్లవాడు పడినచోటే ఆగిపోతాడు. మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోతాయి, చెయ్యి నేలకు ఆనించడం వల్ల మణికట్టు విరిగే ప్రమాదం ఎక్కువ. మంచు మీద చర్మం అంతగా గీసుకుపోదు, కానీ పడినవాడు ఆగడు. అదే వేగంతో జారుకుంటూ వెళ్లి రింకు చుట్టూ ఉన్న బోర్డులకు గుద్దుకుంటాడు. తల ముందుకు వంగి ఉన్న స్థితిలో అలా గుద్దుకోవడం ఈ ఆటలో అన్నిటికంటే భయపడవలసిన సంఘటన, ఎందుకంటే ఆ దెబ్బ నడినెత్తి మీదుగా నేరుగా మెడ ఎముకలకు చేరుతుంది. దీనికి తోడు అందరి కాళ్లకూ పదునైన ఉక్కు బ్లేడులుంటాయి. ఈ ఆటలో బంతికి బదులు వాడే పక్ గట్టి రబ్బరు బిళ్ల. మూడు అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం, 156 నుంచి 170 గ్రాముల బరువు. అంటే బరువులో క్రికెట్ బంతికి ఇంచుమించు సమానం.

ఇన్‌లైన్ హాకీ, అంటే రోలర్ స్కేట్ల మీద ఆడే హాకీ, నియమాలు శరీరంతో ఢీకొట్టి ఆపడాన్ని అనుమతించవు. ఐస్ హాకీలో అబ్బాయిల విభాగంలో ఒక వయసు దాటాక అది ఆటలో భాగం. కాబట్టి రోలర్ హాకీకి కొన్న హెల్మెట్, కేజ్, ఎల్బో ప్యాడ్లు, షిన్ గార్డులు, గ్లోవ్స్ సరైన రకానివైతే మంచు మీద కూడా పనికివస్తాయి. షోల్డర్ ప్యాడ్లు, ఐస్ హాకీ ప్యాంటు, నెక్ గార్డ్, స్కేట్లు మాత్రం వేరుగా సమకూర్చుకోవాలి.

హెల్మెట్: ఇంట్లో ఉన్నదెందుకు చాలదు

ఇంట్లో పెద్దవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. స్కూటర్ హెల్మెట్, సైకిల్ హెల్మెట్, క్రికెట్ హెల్మెట్, హాకీ హెల్మెట్ పైకి ఒకే జాతి వస్తువుల్లా కనిపించినా, లోపలి నురుగు వేరు, పని వేరు. సైకిల్ హెల్మెట్‌లోని తెల్లటి గట్టి నురుగు ఒక్క పెద్ద దెబ్బకు నలిగి ఆ శక్తిని తనలోకి తీసుకునేలా తయారవుతుంది. ఆ తర్వాత అది పనికిరాదు. స్కూటర్ హెల్మెట్‌ది కూడా ఇదే పద్ధతి, పైగా దాని బరువు పిల్లల మెడకు ఎక్కువ. క్రికెట్ హెల్మెట్‌ను ముందునుంచి వచ్చే బంతిని దృష్టిలో పెట్టుకుని రూపొందిస్తారు. వెనక్కి పడి తల మంచుకు కొట్టుకోవడం దాని లెక్కలో ముఖ్యాంశం కాదు. హాకీ హెల్మెట్‌లో మాత్రం నొక్కుకుని మళ్లీ పూర్వరూపానికి వచ్చే నురుగు ఉంటుంది, ఎందుకంటే ఈ ఆటలో చిన్నచిన్న దెబ్బలు రోజూ తగులుతూనే ఉంటాయి. ఇక్కడ ప్రత్యామ్నాయం వెతకవద్దని నా ఖచ్చితమైన సలహా.

హాకీ హెల్మెట్లలో ఏది అన్నప్పుడు ధర కంటే ముందు వెనుకవైపు అంటించిన ధ్రువీకరణ స్టిక్కరు చూడండి. అమెరికాలో హెచ్.ఇ.సి.సి., కెనడాలో సి.ఎస్.ఎ., ఐరోపాలో సి.ఇ. గుర్తులు చెల్లుతాయి. హెచ్.ఇ.సి.సి. ధ్రువీకరణ తయారీ తేదీ నుంచి ఆరున్నర సంవత్సరాలు మాత్రమే వర్తిస్తుంది. అమెరికా నుంచి వచ్చే బంధువు సూట్‌కేసులో తెచ్చిన మంచి హెల్మెట్ కూడా ఆ గడువు దాటినదై ఉండవచ్చు, లేదా మరో ఏడాదిలో దాటిపోవచ్చు. పాత హెల్మెట్ ఎన్ని దెబ్బలు తిన్నదో, ఎండలో కారు డిక్కీలో ఎన్నాళ్లు మగ్గినదో కొనేవారికి తెలిసే మార్గం లేదు. పై ప్లాస్టిక్ నిగనిగలాడుతున్నా లోపలి నురుగు గట్టిపడి ఉండవచ్చు. కాబట్టి మొత్తం సామానులో కొత్తదే కొనవలసినవాటిలో ఇది మొదటిది. పేరు రాయడానికి పెయింటు, థిన్నర్ వంటివి వాడవద్దు. అవి పై పెంకును పెళుసు చేస్తాయి.

అలాగని అత్యంత ఖరీదైనదే అత్యుత్తమం అని కూడా అనుకోనక్కరలేదు. అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల 2015లో హాకీ హెల్మెట్లకు తొలిసారి నక్షత్రాల రేటింగు ప్రకటించినప్పుడు, పరీక్షించినవాటిలో ఒక్కదానికి కూడా అయిదు నక్షత్రాలు రాలేదు. ఇప్పుడు పరిస్థితి మెరుగైంది, ఆ పట్టికను కొనేముందు చూడడం ఉపయోగకరం. అయినా ఆరు అంచెల సర్దుబాటు ఉన్న ఖరీదైన హెల్మెట్ వదులుగా ఉంటే, తలకు అతికినట్టు కూర్చున్న మధ్యరకం హెల్మెటే నాకు మేలు.

కూర్చోవడం ఎలా చూడాలంటే, ముందు అంచు కనుబొమలకు ఒక వేలెడు పైన ఉండాలి. గడ్డం పట్టీ ఇంకా బిగించకుండానే తలను అడ్డంగా, నిలువుగా ఊపమనండి. హెల్మెట్‌తో పాటు నుదుటి చర్మం కూడా కదిలితే సైజు సరిపోయినట్టు; చర్మం కదలకుండా హెల్మెట్ మాత్రమే జారితే పెద్దదైనట్టు. తర్వాత పట్టీ బిగించి, దాని కింద ఒక వేలు మాత్రమే దూరుతుందో లేదో చూడండి. ఆడపిల్లల విషయంలో ఇక్కడ ఒక చిక్కు ఉంది. బడికి వేసినట్టు రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టిన తలకు కొలత తీసుకుంటే హెల్మెట్ వెనుక భాగం పైకి లేచి నిలుస్తుంది, జడలు విప్పిన రోజున వదులవుతుంది. మెడ దగ్గర కిందికి వేసిన ఒంటి జడతో కొలత తీసుకుని, ఆట రోజున కూడా అలాగే వేయాలి. తలకు నూనె పెట్టిన రోజున కొలత అసలు తీసుకోవద్దు.

ముఖానికి కేజా, పారదర్శక కవచమా

సగం ముఖాన్ని మాత్రమే కప్పే వైజర్లను టీవీలో చూసి పిల్లలు అడుగుతారు. అమెరికా, కెనడాల బాలల హాకీలో పూర్తి ముఖరక్షణ తప్పనిసరి. ఇక్కడి శిబిరం అడిగినా అడగకపోయినా అదే పాటించండి. టొరంటో కంటి వైద్యుడు టామ్ పాష్‌బీ 1970లలో హాకీ వల్ల కళ్లు దెబ్బతిన్నవారి లెక్కలు సేకరించి ప్రచారం చేసిన తర్వాతే కెనడాలో ముఖరక్షణ ప్రమాణాలు వచ్చాయి. ఆ నియమాల వెనుక చూపు పోగొట్టుకున్న పిల్లలున్నారు.

ఇక రెండు రకాల మధ్య ఎంపిక. ఉక్కు తీగల కేజ్ చవక, గాలి ఆడుతుంది, గీతలు పడదు. కళ్ల ముందు తీగలు కనిపించడం మొదటి కొద్ది రోజులు చికాకుగా ఉన్నా తర్వాత చూపు వాటిని పట్టించుకోదు. పాలీకార్బొనేట్ కవచంలో చూపు స్పష్టంగా ఉంటుంది కానీ ఊపిరికి మసకబారుతుంది, గీతలు పడితే మార్చవలసి వస్తుంది. పైన కవచం, కింద కేజ్ ఉన్న మిశ్రమ రకం కూడా దొరుకుతుంది. విశాఖ ఉక్కపోతలో సాధన చేసి చలిప్రదేశంలో ఆడే పిల్లవాడికి రెండుచోట్లా ఇబ్బంది పెట్టనిది కేజ్ ఒక్కటే. నేనైతే రెండో ఆలోచన లేకుండా అదే తీసుకుంటాను.

మెడ

2023 అక్టోబరు 28న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో జరిగిన మ్యాచ్‌లో ప్రత్యర్థి స్కేటు బ్లేడు మెడకు తగిలి ఆడమ్ జాన్సన్ అనే 29 ఏళ్ల అమెరికన్ ఆటగాడు మరణించాడు. 1989లో అమెరికాలోని బఫలో నగర జట్టు గోల్‌కీపర్ క్లింట్ మలార్చుక్ ఇలాంటి గాయంతోనే చావు అంచుదాకా వెళ్లి బతికాడు. ఇవి అరుదైన ప్రమాదాలే, కానీ జరిగినప్పుడు వైద్యానికి దొరికే సమయం నిమిషాలలో ఉంటుంది. అమెరికాలో 2024 ఆగస్టు 1 నుంచి 18 ఏళ్లలోపు ఆటగాళ్లకు నెక్ గార్డ్ తప్పనిసరి అయింది. కెనడా బాలల హాకీలో ఇది అంతకు చాలా ముందునుంచే ఉంది, అక్కడ బి.ఎన్.క్యూ. (క్యూబెక్ ప్రమాణాల సంస్థ) గుర్తు ఉన్నదే చెల్లుతుంది.

పట్టీలా చుట్టేది, ఛాతీ పైభాగం దాకా వచ్చేది, లోపలి చొక్కాకే కుట్టి ఉన్నది అని మూడు రకాలు. పట్టీ చవక, కానీ పిల్లలు చెమటకు తట్టుకోలేక వదులు చేస్తారు, తీసి జేబులో పెట్టుకుంటారు. చొక్కాతో కలిసి ఉన్నదాన్ని అలా తీయడానికి వీలుండదు. చిన్నపిల్లలకు అందుకే అది మేలు. పదేళ్లు దాటి మాట వినే పిల్లలకు ఛాతీ దాకా వచ్చే రకం చాలు. రోలర్ రింకులో బ్లేడులుండవు కాబట్టి విశాఖలో దీన్ని రోజూ పెట్టించనక్కరలేదు, శిబిరానికి ముందు కొన్ని రోజులు అలవాటు చేస్తే సరిపోతుంది. ఇది కోత నుంచి మాత్రమే కాపాడుతుంది. తల బోర్డులకు గుద్దుకున్నప్పుడు మెడ ఎముకలకు దీనివల్ల ఏ సాయమూ ఉండదు. ఆ రక్షణ అలవాటు వల్ల రావాలి: బోర్డుల వైపు జారుతున్నప్పుడు తల వంచకుండా ఎత్తి ఉంచడం, ఎదుటివాడి వీపు కనబడితే నెట్టకుండా ఆగడం. కొన్ని లీగుల్లో పిల్లల జెర్సీల వెనుక ‘స్టాప్’ అని ఎర్ర గుర్తు కుట్టేది ఇందుకే.

మౌత్ గార్డ్

వేడినీటిలో మెత్తబరచి కొరికి ఆకారం తెచ్చుకునేది, దంతవైద్యుడు అచ్చు తీసి చేసేది, ఈ రెండింటిలో ఎంచుకోవాలి. ఆకారం మారని రెడీమేడ్ రకం ఊడిపోతూ ఉంటుంది, దాన్ని వదిలేయండి. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న వయసులో అచ్చు తీయించిన గార్డు త్వరలోనే సరిపోకుండా పోతుంది కాబట్టి మొదటి రకం చాలు. శాశ్వత దంతాలు వచ్చాక, లేదా పళ్లకు క్లిప్పులు వేసినప్పుడు దంతవైద్యుడి దగ్గరికి వెళ్లడం సరైనది.

ఆదా చేయవలసిన చోట్లు

షిన్ గార్డులు, ఎల్బో ప్యాడ్లు, గ్లోవ్స్, ప్యాంటు, షోల్డర్ ప్యాడ్లు సీనియర్ల దగ్గర పాతవి దొరికితే తీసుకోవచ్చు. ప్లాస్టిక్ చిప్పలకు పగుళ్లు లేకుండా, వెల్క్రో పట్టీలు గట్టిగా అంటుకుంటూ ఉంటే చాలు. ఎన్ని మెత్తలున్నాయన్న దానికంటే ఒకదానికీ మరొకదానికీ మధ్య ఖాళీ ఎక్కడ మిగిలిందన్నది ముఖ్యం. షిన్ గార్డు చిప్ప మోకాలి మధ్యకు రావాలి, కింది అంచు స్కేటు పైభాగాన్ని తాకాలి. ఎల్బో ప్యాడు గ్లోవ్ అంచుదాకా రావాలి. ప్యాంటు నడుము పైకి వెళ్లి మూత్రపిండాలను కప్పాలి. బడి యూనిఫారం కొన్నట్టు ‘ఎదిగే పిల్లాడు కదా’ అని ఒక సైజు పెద్దది తీసుకుంటే, దెబ్బ తగిలే సమయానికి చిప్ప పక్కకు తిరిగి ఉంటుంది. షోల్డర్ ప్యాడు విషయంలో ఈ పొరపాటు ఖరీదైనది, ఎందుకంటే బోర్డులకు భుజం గుద్దుకుని కాలర్ బోన్ దెబ్బతినడం ఈ ఆటలో తరచుగా జరిగేదే.

గజ్జల కప్పు పాతది తీసుకోవద్దన్న సంగతి ఎవరికీ చెప్పనక్కరలేదనుకుంటాను.

స్కేట్ల లెక్క వేరు. పదిరోజుల శిబిరానికైతే అద్దెవి చాలు. చీలమండ దగ్గర బూటును రెండు చేతులతో నొక్కి చూసి, మెత్తగా అణిగిపోతే వేరే జత అడగండి. సీజను మొత్తం ఆడేవారికి సొంతవి అవసరం. హాకీ స్కేట్ల సైజు సాధారణంగా బయటి బూట్ల కంటే ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుంది. బొటనవేలు ముందు భాగాన్ని ఆనీ ఆననట్టు తాకాలి. కొత్తగా నేర్చుకునేవారికి బాగా బిరుసైన ఖరీదైన బూటు వల్ల చీలమండ వంగక అవస్థే మిగులుతుంది. పదును పెట్టించడం మాత్రం శిబిరం దగ్గరే చేయించుకోవాలి. మంచు బ్లేడు అడుగున నిలువునా ఒక గాడి, దానికి రెండువైపులా రెండు అంచులు ఉంటాయి. వీధిలో కత్తులకు సాన పట్టేవారికి ఇస్తే ఆ గాడి చెరిగిపోతుంది, బ్లేడు పాడవుతుంది.

సామానుతో కొనలేనిది

హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది. తల ఒక్కసారిగా విసురుగా తిరిగినప్పుడు లోపల మెదడు అదరడాన్ని, అంటే కంకషన్‌ను, ఏ హెల్మెట్ కూడా పూర్తిగా ఆపలేదు. దాన్ని తగ్గించగలిగినది ఆట నియమం. 2010లో అమెరికా వైద్యసంఘం పత్రికలో కరోలిన్ ఎమెరీ బృందం ప్రచురించిన అధ్యయనం 11, 12 ఏళ్ల పిల్లలను పోల్చింది: శరీరంతో ఢీకొట్టడాన్ని అనుమతించిన కెనడా రాష్ట్రం ఆల్బెర్టాలో, అనుమతించని మరో రాష్ట్రం క్యూబెక్‌తో పోలిస్తే మ్యాచ్‌లలో గాయాలు, కంకషన్లు మూడు రెట్లకు పైగా ఉన్నాయి. అమెరికా 2011లో, కెనడా 2013లో ఆ వయసువారికి దాన్ని నిషేధించాయి. పెద్ద పిల్లలకు ఢీకొట్టే లీగు, ఢీకొట్టని లీగు రెండూ ఉన్న ఊళ్లో ఉంటే, వృత్తి ఆటగాడు కావాలన్న లక్ష్యం లేని పిల్లవాడికి రెండోదే ఎంచుకోండి. హెల్మెట్ మార్చడం వల్ల వచ్చే తేడా కంటే ఈ నిర్ణయం వల్ల వచ్చే తేడా పెద్దది. శిబిరం ఎంచుకునేటప్పుడు కూడా మొదట అడగవలసింది ఇదే, తర్వాత ప్రథమ చికిత్స తెలిసినవారు రింకు పక్కన ఉంటారా అని.

తలకు దెబ్బ తగిలిన తర్వాత తలనొప్పి, తూలడం, అయోమయం, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజు ఆట ముగిసినట్టే; స్పృహ తప్పకపోయినా సరే. వాంతులు ఆగకపోవడం, తలనొప్పి పెరుగుతూ పోవడం, ఫిట్స్, మగత, చేతికో కాలికో బలం తగ్గడం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మెడనొప్పి ఉందంటే కదిలించవద్దు, హెల్మెట్ తీయవద్దు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా తలను అలాగే పట్టుకుని ఉండాలి. మళ్లీ ఆటలోకి రావడం ఆరు మెట్లలో, మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున జరగాలని, ఢీకొనే సాధనకు ముందు వైద్యుడి అనుమతి ఉండాలని అంతర్జాతీయ నిపుణుల ఒప్పందం చెబుతోంది. బడి చదువు ఆటకంటే ముందు మామూలు స్థితికి రావాలి.

లేహ్ వెళ్లేవారికి ఇక్కడ మరొక జాగ్రత్త. అది దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రమట్టం నుంచి విమానంలో నేరుగా దిగిన విశాఖ పిల్లలకు ఎత్తు వల్లే తలనొప్పి, వికారం రావచ్చు. అవే కంకషన్ లక్షణాలు కూడా. మొదటి రెండు రోజులు విశ్రాంతి ఇవ్వకుండా ఆడిస్తే ఏది దేనివల్ల వచ్చిందో పక్కన ఉన్నవారు తేల్చలేరు. కారణం ఏదైనా ఆ పిల్లవాణ్ణి రింకులోకి పంపకూడదు, వైద్యుడికి చూపించాలి.

తిరిగి వచ్చాక

మన సముద్రపు గాలికి కేజ్ మరలు, బ్లేడులు ఎంత త్వరగా తుప్పు పడతాయో ఇక్కడివారికి వేరే చెప్పాలా. బ్యాగు జిప్పు మూసి మూలన పెడితే ప్యాడ్లకు బూజు పడుతుంది, చర్మానికి దురదలొస్తాయి. ప్రతిదాన్నీ విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టండి, ఎండలో వద్దు. ఎండకు హెల్మెట్ నురుగు, స్కేటు బూటు జిగురు రెండూ చెడతాయి. కేజ్ మరలను నెలకొకసారి చూసి తుప్పు కనబడితే మార్చాలి, ఎందుకంటే అవి బిగుసుకుపోతే విప్పేటప్పుడు హెల్మెట్ పెంకే చిట్లుతుంది. బ్లేడును పొడిగుడ్డతో తుడిచి కొద్దిగా యంత్రాల నూనె రాసి గుడ్డ తొడుగులో ఉంచండి. గట్టి ప్లాస్టిక్ తొడుగు రింకు బయట నడవడానికి మాత్రమే. అది తొడిగి అలమరాలో పెడితే లోపలి తడి ఆరక అంచులను తుప్పు తినేస్తుంది.